గుటకకో మాట

మేడమీది గది
మధ్యాహ్నం, మంచం మీద నుంచి

వదినా,

నమస్కారం. పడుకునే పెట్టాను, లేచి పెట్టే యోగం లేదు. డాక్టరమ్మ మంచం దిగొద్దంది. ఎడమవైపు తిరిగి పడుకోమంది. ఎడమవైపు గోడ తప్ప ఏమీ లేదు, దాని మీద పెచ్చులూడిన చోటల్లా నాకు కంఠస్థం వచ్చేసింది.

ఫోను చెయ్యక ఉత్తరమేమిటి అనకు. మన కొట్లో తాళంచెవులు కోసే మిషను రొదలో నేను చెప్పింది నీకు సగమే వినబడుతుంది, ఆ సగానికే నువ్వు కంగారుపడిపోతావు. పైగా పడుకున్నదానికి పొద్దుపోవాలి కదా.

సంగతేమిటంటే, కడుపులో బిడ్డ చుట్టూ ఉండే ఉమ్మనీరు ఉండాల్సినదానికంటే ఎక్కువుందట. ఆరు నెలలు దాటి ఎన్నాళ్లో కాలేదు, చూసినవాళ్లంతా నిండు నెలలనుకుంటున్నారు. స్టేషన్లో టికెట్ కౌంటరు దగ్గర నా కుర్చీకీ బల్లకీ మధ్య పొట్ట పట్టడం ఎప్పుడో మానేసింది. పక్కకి తిరిగి కూర్చుని, చెయ్యి చాపి టికెట్లిచ్చేదాన్ని. ఒక ముసలాయన కౌంటరు కన్నంలోంచి తొంగి చూసి, "అమ్మా, ముందు నువ్వు ఇంటికి ఒక టికెట్టు కోసుకో" అన్నాడు. వెనకాల వరసంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఆ మర్నాటి నుంచే సెలవు.

కవలలా అంటే కాదు. షుగరా అంటే అదీ లేదు. ఒక్కోసారి కారణం లేకుండానే వస్తుందట, చాలామందికి ఏమీ కాదట. అలా అంటూనే డాక్టరమ్మ మళ్లీ స్కానింగుకి రమ్మంది. ఏమీ కానిదానికి మళ్లీ రావడమెందుకని అడుగుదామనుకుని అడగలేదు. భయమేసింది వదినా, నీ దగ్గర దాచడమెందుకు.

మా ఆయన బతిమాలుకుని పగటి బస్సులు వేయించుకున్నాడు. పొద్దుగూకేసరికి ఇంటికొచ్చి వంట మొదలుపెడతాడు. బస్సు నడిపినట్టే వండుతాడు, మధ్యలో ఎక్కడా ఆగడు, ఉప్పు దగ్గర కూడా. అయినా ఆయన్ననకూడదు, నాకే ముద్ద దిగడం లేదు. నాలుగు ముద్దలకే గొంతుదాకా వచ్చేస్తోంది. నిన్న ముద్ద బుగ్గన పెట్టుకుని గోడ చూస్తూ ఉండిపోయాను. "ఏమిటది, ఉడుతలాగ" అన్నాడు. నాకు నువ్వు గుర్తొచ్చి కళ్లలో నీళ్లు తిరిగాయి.

కొట్టు వెనక మెట్లు గుర్తున్నాయా? పై మెట్టు మీద నువ్వు, కింది మెట్టు మీద నేను, నీ ఒళ్లో కంచం. లోపల నాన్న ఆకురాయి రుద్దుతున్న చప్పుడు. గుటక వేస్తేనే కథలో తరవాతి మాట చెప్పేదానివి. గుటకకో మాట. ఊరందరి తాళాలూ తీసి, తన ఇంటి తాళంచెవి పారేసుకున్న మేస్త్రి కథ. ఒక్కో గుటకకి ఒక్కో తలుపు తట్టేవాడు. ఇంతకీ వాడు ఇల్లు చేరాడా లేదా? నాకు పెళ్లయింది, ఉద్యోగమొచ్చింది, కడుపూ పండింది. ఆ మేస్త్రి మాత్రం ఇంకా వీధిలోనే ఉన్నాడు. పడుకున్నదాన్ని కాస్త కనికరించి ముగింపు రాసి పంపు.

అన్నయ్య కాలెలా ఉంది?

నీ
బుగ్గలు


తాళాల కొట్టు
బేరం లేని వేళ

బుగ్గలూ,

ఉత్తరం అందింది. రెండుసార్లు చదివి మీ అన్నయ్యకి ఒకసారి వినిపించాను. కాలు ఇంకా కట్టులోనే ఉంది. షట్టరు తాళం తియ్యడానికి నిచ్చెనెక్కమంటే ఎక్కిన మనిషి, దిగమనకుండానే దిగాడు. ఇప్పుడు కుర్చీలో కూర్చుని నాకు పని నేర్పుతున్నాడు. "ఆకురాయి అలా కాదు, ఇలా పట్టు" అంటాడు. తనకి నేర్పిన మామయ్యగారే నాకూ నేర్పారన్న సంగతి గుర్తులేదు పాపం. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే. కదల్లేని మనిషిని వదిలి రాలేక ఇక్కడున్నాను గానీ, లేకపోతే ఈపాటికి నీ మంచం పక్కన ఉండేదాన్ని.

నేను కాపురానికొచ్చిన మర్నాడు మీ నాయనమ్మ నాకు రెండు అప్పగించింది. ఒకటి గల్లాపెట్టె తాళంచెవి, రెండోది నువ్వు. గల్లాపెట్టె నయం, తిప్పితే తెరుచుకునేది. నీకప్పుడు పాలపళ్లు ఊడుతున్నాయి. మీ అమ్మ పోయి ఏడాది తిరగలేదు. ముద్ద పెడితే కాదనేదానివి కాదు, బుద్ధిగా నోరు తెరిచేదానివి. తీసుకెళ్లి బుగ్గన పెట్టి మూసేసేదానివి. పొద్దున పెట్టిన ముద్ద మధ్యాహ్నం అక్కడే దొరికిన రోజులున్నాయి. మీ నాయనమ్మ తిట్టింది, మామయ్యగారు బతిమాలారు, మీ అన్నయ్య కోతిలా గెంతాడు. నువ్వు అందరినీ చూసి జాలిపడినట్టు చూశావు తప్ప మింగలేదు.

నాకా, పిల్లల్ని పెంచిన అనుభవం లేదు. పుట్టింట్లో నేనే చిన్నదాన్ని. ఏం చెయ్యాలో తోచక ఎదురుగా కనిపించిన తాళాలు చూసి, "అనగనగా ఒక తాళాల మేస్త్రి" అన్నాను. నువ్వు కళ్లెత్తావు. నేను నోరు మూశాను. "తరవాత?" అనడానికి నీ నోట్లో ముద్ద అడ్డం. మింగావు. ఆ గుటక చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. లోపల ఆకురాయి చప్పుడు కూడా ఆగింది, మామయ్యగారు విన్నారన్నమాట.

అప్పుడే నీ వంకర ప్రశ్నలు కూడా మొదలయ్యాయి. "అందరి తాళాలూ తీసేవాడు తన తాళం తియ్యలేడా?" అన్నావు. కొత్త కోడల్ని, మామగారు వింటున్నారు, ఏం చెప్పను? "తన చేత్తో చేసుకున్న తాళం కదా, అది అందరి తాళాల్లాంటిది కాదు" అన్నాను. లోపల్నుంచి మామయ్యగారు, "నిజమే" అన్నారు. బతికాను.

ముగింపు రాయను. చెప్పేస్తే నీ చేత ఎవరు తినిపిస్తారు? మీ డ్రైవరు దొరకి చెప్పు, కంచం పక్కన కూర్చుని ఒక్కో ముద్దకి తన రూట్లో ఒక్కో స్టాపు పేరు చెప్పమను. ఆఖరి స్టాపు దాకా తిను. స్కానింగులో ఏం చెప్పారో వెంటనే రాయి. నీళ్లెక్కువైనంత మాత్రాన ఏమీ కాదులే.

మీ అన్నయ్య ఆశీస్సులు. నావి చెప్పక్కర్లేదు.

వదిన


మేడమీది గది
ఇంకా ఎడమవైపే

వదినా,

స్టాపుల మంత్రం పారింది. ఆఖరి స్టాపు దాకా కాదు గానీ సగం దారి వెళ్లగలుగుతున్నాను. మధ్యలో బస్సు చెడిపోయిందని చెప్పి దిగిపోతున్నాను.

రెండో స్కానింగయింది. నీరు ఇంకా పెరిగింది. పడుకుంటే ఊపిరాడటం లేదు, కూర్చుంటే నడుం నిలవడం లేదు. దిండ్లన్నీ పేర్చుకుని అటూ ఇటూ కాకుండా ఉన్నాను. నీళ్లు తాగడం కూడా తగ్గించాను, ఉన్న నీళ్లు చాలవన్నట్టు పైనుంచి పొయ్యడమెందుకని.

డాక్టరమ్మ ఒక మాట అడిగింది. "మీ ఇంట్లో ఎవరికైనా ఇలా అయిందా?" అని. లేదండీ అనేశాను. ఇంటికొచ్చి పడుకున్నాక ఒక కుర్చీ గుర్తొచ్చింది. నాన్న వాలుకుర్చీ. నువ్వు మెట్లెక్కలేకపోతున్నావని ఆయన దాన్ని పైనుంచి దింపి కొట్టు వెనక గదిలో వేశాడు. నేను నీ పొట్ట మీద పలక పెట్టుకుని రాసుకునేదాన్ని. అంత పెద్ద బల్ల బడిలో కూడా లేదు. తరవాత నువ్వు ఆసుపత్రికెళ్లావు. వచ్చేసరికి పొట్టా లేదు, పాపాయీ లేదు. నేనడగబోతే నాయనమ్మ నా నోరు మూసి లోపలికి లాక్కెళ్లింది. నెలలు నిండక పోయిందని ఆ తరవాతెప్పుడో పెద్దవాళ్ల మాటల్లో విన్నాను. నిన్ను ఏనాడూ అడగలేదు. అన్నయ్యా నువ్వూ పిల్లల మాట ఎత్తకపోతే నేనూ ఎత్తలేదు.

ఇప్పుడు అడగాల్సొస్తోంది. నీకూ ఇదేనా వదినా? నీకు పుట్టినదైనా అది అన్నయ్య బిడ్డే కదా, అన్నయ్యదీ నాదీ ఒకటే రక్తం. అందుకని అడుగుతున్నాను.

బుగ్గలు


తాళాల కొట్టు

బుగ్గలూ,

ఉత్తరం చూశాను. నాది వేరు. ఆ రోజుల్లో ఎవరికేం తెలుసు? నాకు జ్వరమొచ్చింది, నెలలు నిండకుండా పురుడొచ్చింది, అంతే. దానికీ దీనికీ సంబంధం లేదు. డాక్టరమ్మకి నువ్వు చెప్పిందే సరైన మాట.

పడుకున్నదానివి పాత సంగతులు తవ్వుకుంటూ కూర్చోకు. మనసు పాడవుతుంది. వేళకి తిను.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది. కొత్త ఇళ్లు కట్టినవాళ్లు తాళాలన్నీ ఒకేసారి మార్పిస్తున్నారు. మీ అన్నయ్య కులాసా.

వదిన


ఆసుపత్రి
రెండో అంతస్తు, కిటికీ పక్క మంచం

వదినా,

ఇక్కడికి తెచ్చారు. పంపు దగ్గరికి వెళ్తూ కళ్లు తిరిగి పడ్డాను. బిడ్డకేమీ కాలేదు. ఒంట్లో నీళ్లు లేక ఎండిపోయావని తిట్టి సెలైను పెట్టారు. పొట్టనిండా నీళ్లు, ఒంట్లో నీళ్లు లేవు. మా ఆయన ఆ మాటకి నవ్వాలో ఏడవాలో తెలియక కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాడు.

ఊపిరాడటం లేదని సూదితో కొంత ఉమ్మనీరు తీశారు. భయపడ్డంత నొప్పి లేదు. తీశాక నా కాళ్లు నాకు కనబడ్డాయి, పాత చుట్టాల్ని చూసినట్టుంది.

డాక్టరమ్మ మంచం మీద కూర్చుని వివరంగా చెప్పింది. బిడ్డ ఆ నీళ్లు మింగుతూ ఉండాలట, మింగినవి మళ్లీ బయటికి పంపుతూ ఉండాలట. అప్పుడే నీళ్లు సమంగా ఉంటాయి. బిడ్డ మింగకపోతే పెరుగుతూ పోతాయి. స్కానింగులో బిడ్డ పొట్ట నల్లటి చుక్కలా కనబడాలి, అందులో నీళ్లుంటాయి గనక. మా బిడ్డకి ఆ చుక్క కనబడీ కనబడనట్టుంది. అన్నం దిగే గొట్టం మధ్యలో మూసుకుపోయి ఉండొచ్చు, ఉండకపోవచ్చు, పుట్టేదాకా తేల్చి చెప్పలేం అంది.

"నా పోలికేమోనండీ, బుగ్గన పెట్టుకుని ఉంటుంది" అన్నాను. డాక్టరమ్మ నవ్వలేదు. మళ్లీ అదే అడిగింది, ఇంట్లో ఎవరికైనా ఇలా అయిందా అని.

వదినా, నీ ఉత్తరంలో ఒక్క వేళాకోళం లేదు. మీ అన్నయ్య కులాసా అని రాశావు. నీ మొగుణ్ణి నువ్వు అంత మర్యాదగా ఎప్పుడూ రాయలేదు. నీకు ఏదో చెప్పడం కష్టంగా ఉందని తెలుస్తోంది. నన్ను భయపెట్టకూడదనే అయితే, నేను ఇప్పటికే భయపడుతున్నాను. ఇంతకంటే భయపడటానికి నాలో చోటు లేదు.

బుగ్గలు


తాళాల కొట్టు, షట్టరు దించేశాను

నా తల్లీ,

మీ అన్నయ్య పక్కనే కూర్చున్నాడు. రాయమని ఆయనే అన్నాడు. రాస్తున్నాను.

నాకూ ఇదే. నీకులాగే పొట్ట నాకంటే ముందు నడిచేది. మెట్లెక్కలేను, పడుకోలేను. అప్పుడు మనకి అందుబాటులో స్కానింగులు లేవు. మంత్రసాని చెయ్యి వేసి చూసి, "నీరు చేరింది" అంది. నీరు చేరితే ఏం చెయ్యాలి, నీళ్లు తాగకూడదు. మీ నాయనమ్మకి తెలిసిన లెక్క అది. చెడ్డమనిషి కాదు, నా మంచికేననుకుంది. కుండ మీద మూత పెట్టి, మూత మీద రాయి పెట్టి, పక్కన నిన్ను కాపలా కూర్చోబెట్టింది. దొంగకి తాళాలిచ్చినట్టయింది.

నీకు గుర్తుందో లేదో. మామయ్యగారు తాళాలకి నూనె వేసే డబ్బా ఉండేది, పొడుగాటి ముక్కుతో. నువ్వు దాన్ని సబ్బుతో కడిగి, నీళ్లు నింపి, గౌను కింద దాచి తెచ్చేదానివి. నేను వాలుకుర్చీలో నోరు తెరిస్తే ఆ ముక్కులోంచి పోసేదానివి. నూనె వాసనొచ్చేది. అంత రుచైన నీళ్లు నేను మళ్లీ తాగలేదు. ఊరికే పోసేదానివా? ఒక గుటక పోసి ఆగేదానివి. "అనగనగా ఒక తాళాల మేస్త్రి వదినా" అనేదానివి. నేను మింగితే తరవాతి మాట. నా కథ నాకే చెప్పి నా చేత నీళ్లు తాగించావు.

నీళ్లు తగ్గించానని నువ్వు రాసిన ముక్క మీద మొదట నా చూపు నిలవలేదు. నా గోల నాది. ఎండిపోయి పడ్డావని చదివాక నిలిచింది. ఆ ముక్క పట్టుకుని మీ అన్నయ్య దగ్గర కూర్చుండిపోయాను. బుగ్గలూ, ఇన్నేళ్లూ నువ్వు ఆ నూనె డబ్బాని మోస్తున్నావా? నువ్వు పోసిన నీళ్లవల్లే నా బిడ్డ పోయిందని అనుకుంటున్నావా? అలా అనుకుంటూనే నా చేతి అన్నం తిన్నావా? నాకు ఈ ఊహే ఎప్పుడూ రాలేదు. వచ్చుంటే ఆ రోజే నిన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని చెప్పేదాన్ని. ఆ ఇంట్లో నేను దాహంతో పోకుండా బతికానంటే నీవల్ల. రాసుకో, అచ్చంగా నీవల్ల.

ఇప్పుడు నేను దాచింది చెబుతాను. నెలలు నిండకుండా పుట్టిందన్న మాట నిజం. పుట్టీ పుట్టగానే పోలేదు. ఆడపిల్ల. ఏడ్చింది. నోరు చప్పరించింది కూడా. నోటికి పాలు అందిస్తే లోపలికి పోలేదు, నురగలా వెనక్కొచ్చింది, ఒళ్లు నీలంగా మారింది. తుడిచి మళ్లీ పట్టారు. మళ్లీ అంతే. బలహీనంగా ఉంది, మింగడం తెలియడం లేదన్నారు. నాకివ్వండి, మింగించడం నాకు వచ్చు అన్నాను. ఇచ్చారు. దాని చెవిలో అనగనగా ఒక తాళాల మేస్త్రి అన్నాను. అది విన్నది, బుగ్గలూ. కళ్లు ఇటు తిప్పింది. గుటక మాత్రం పడలేదు.

నీలాంటి మొండిఘటం చేత మింగించినదాన్ని. నా బిడ్డ చేత ఒక్క చుక్క మింగించలేకపోయాను. రెండు రోజులు నిండకుండానే వెళ్లిపోయింది. తిరిగొచ్చాక నువ్వు కంచం పట్టుకుని మెట్ల మీద కూర్చున్నావు. నేను మొదలుపెట్టబోయి, మొదటి మాట దగ్గరే ఆపేశాను. "నువ్వు పెద్దదానివయ్యావు, నీ అంతట నువ్వే తిను" అన్నాను. నువ్వు తిన్నావు. నీ కళ్లలోంచి నీళ్లు కారుతుండగా ముద్ద వెనక ముద్ద మింగావు. ముగింపు నేను దాచలేదు తల్లీ. నాకది లేదు.

గొట్టం మూసుకుపోయి ఉండొచ్చు అని మీ డాక్టరమ్మ చెప్పిన మాట చదివి ఈ వయసులో నాకు తెలిసింది. దానికి మింగడం రాక కాదు, దారి లేక. ఇది పట్టుకెళ్లి డాక్టరమ్మకి చూపించు. ఒక్క అక్షరం దాచకు. నీ బిడ్డ పుట్టాక పాలు పట్టే ముందు వాళ్లు చూసుకోవాలి. నా దానికి చూసినవాళ్లు లేరు.

నీళ్లు తాగు. నా మీద ఒట్టు.

వదిన


ఆసుపత్రి
కిటికీ పక్క మంచం

వదినా,

తాగుతున్నాను. ఇది రాస్తూ కూడా పక్కన పెద్ద గ్లాసు ఉంది.

నీ ఉత్తరం నేను చదవలేకపోతే మా ఆయన డాక్టరమ్మకి చదివి వినిపించాడు. బస్సులో స్టాపుల పేర్లు తప్ప ఏదీ పైకి చదవని మనిషి. మధ్యలో ఆయన ఆగిపోతే డాక్టరమ్మే కాగితం తీసుకుని మిగతాది చదువుకుంది. చదివి, కళ్లజోడు తీసి, "మీ వదినగారు రాసింది మాకు చాలా పనికొచ్చే మాట" అంది. ఇది చాలా ఇళ్లలో మళ్లీ రాదట, నీకూ నాకూ రావడం కాకతాళీయమే కావచ్చట. అయినా ఇక ఊహల మీద కూర్చోం అంది. పిల్లలకి ఆపరేషన్లు చేసే డాక్టరున్న పెద్దాసుపత్రిలోనే పురుడు. పుట్టగానే నోటికి చుక్క పాలు కూడా తగలనివ్వరు. ముందు సన్నటి గొట్టం వేసి దారి చూస్తారు. దారి లేకపోతే కోసి కలుపుతారట. ఇప్పుడు చాలామంది పిల్లలు దీన్నుంచి బయటపడుతున్నారు అంది. ఈసారి ఆ "చాలామంది" అన్న మాట కాస్త చల్లగా తగిలింది.

తాగే నీళ్లకీ ఉమ్మనీరు పెరగడానికీ సంబంధం లేదని కూడా చెప్పింది. రెండోసారి చెప్పించుకున్నాను. మూడోసారి కూడా.

నువ్వడిగిన దానికి జవాబు, అవును. నాయనమ్మ తాగకూడదంది, నేను పోశాను, పాపాయి రాలేదు. చిన్నపిల్లకి అంతకంటే ఏం లెక్క తెలుస్తుంది? ఆ డబ్బాని తీసుకెళ్లి కొట్టు వెనక మట్టిలో పాతిపెట్టాను. నాన్న నాలుగు రోజులు వెతికాడు. నీ ఉత్తరం చదివాక నిద్రపోయాను వదినా, పగలంతా నిద్రపోయాను. నర్సు వచ్చి లేపి మరీ అన్నం పెట్టింది.

నీ పాపకి మింగడం రాక కాదన్నావు చూడు, ఆ మాట నువ్వు నాకోసం రాశావో నీకోసం రాశావో తెలియదు. మళ్లీ మళ్లీ చదువుకో.

బుగ్గలు


తాళాల కొట్టు
బస్సు దిగిన మధ్యాహ్నం

బుగ్గలూ,

క్షేమంగా చేరాను. మీ డ్రైవరు దొర నన్ను తన స్నేహితుడి బస్సులో ముందు సీట్లో కూర్చోబెట్టాడు. ఆయన దారంతా "అక్కా ఇదీ, అక్కా అదీ" అని చూపించాడు. నాకు కళ్లముందు నీ బిడ్డని పడుకోబెట్టిన ఆ గాజు పెట్టె తప్ప ఏమీ కనబడలేదు.

కట్టు విప్పేశారు గనక మీ అన్నయ్య కర్ర పట్టుకుని వీధి గుమ్మందాకా వచ్చాడు. "ఎవరి పోలిక?" అన్నాడు. ముక్కు మాత్రం మేనమామదే, ఆ విషయంలో ఏ డాక్టరూ ఏమీ చెయ్యలేడు అన్నాను. నవ్వి, కర్ర గోడకి ఆనించి, నా భుజం మీద తల పెట్టాడు. మా పిల్ల పోయాక ఆయన నా ముందు ఏడవడం ఇదే మొదలు. కొట్టు ముందు నిలబడ్డ మనిషి, "అయ్యా, తాళంచెవి పోయింది" అన్నాడు. కాసేపాగండి, దొరుకుతుంది అన్నాను.

పిడికెడంత లేదు, ఆ చంక కింద అన్ని ఆపరేషను కుట్లు. దారి లేనిచోట దారి వేశారంటే ఆ చేతులకి దండం. నువ్వూ నేనూ అద్దం ఇవతల నిలబడ్డప్పుడు నువ్వు నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నావో తెలుసా, చేతి గాజు వంకరపోయింది. తీసి బాగు చేయించను, అలాగే ఉంచుకుంటాను.

కుట్లు ఆరాక, నోటితో పట్టేముందు ఇంకో పరీక్ష చేస్తామన్నారు కదా. అదయ్యేదాకా ఉందామనే అనుకున్నాను, ఈ కర్రమనిషిని ఎన్నాళ్లు వదలను? అందుకని నా బదులు ఒకటి పంపుతున్నాను. తాళంచెవులకి కట్టే అట్టముక్కలున్నాయి కదా, నంబర్లు రాసేవి. వాటి మీద ఒక్కోదానికి ఒక్కో మాట రాసి రింగుకి గుచ్చాను. మేస్త్రి బయల్దేరిన దగ్గర్నుంచి అన్ని తలుపులూ ఉన్నాయి. గుటకకో అట్ట తిప్పు. అంతకుమించి తిప్పకు, ఎంత తొందరగా ఉన్నా సరే.

బస్సులో ముగింపు తట్టింది. ఇన్నేళ్లకి తట్టింది. ఆఖరి అట్ట మీద రాసి, దారంతో చుట్టి ముడి వేశాను. నీకూ చెప్పాల్సిన బాకీ ఉంది కదా, విప్పి చదువుకో.

వదిన


ఆసుపత్రి
పిల్లల వార్డు బయట బెంచీ

వదినా,

రింగు నిన్న అందింది. పొద్దున పరీక్ష చేశారు. ఏదో మందు పట్టి, ఎక్స్‌రే తీసి, ఎక్కడా కారడం లేదు, దారి బాగుంది అన్నారు. నర్సు గిన్నెలో కాసిని నా పాలు, చిన్న డ్రాపరు పట్టుకుని వచ్చింది. ఆ పొడుగాటి ముక్కు చూసి నాకు నవ్వొచ్చింది. నాన్న నూనె డబ్బాకి చెల్లెల్లా ఉంది.

నన్నే పట్టమన్నారు. మా ఆయన పక్కన నిలబడి రింగు పట్టుకున్నాడు. మొదటి అట్ట చదివాడు, "అనగనగా ఒక తాళాల మేస్త్రి." నేను చుక్క వేశాను. బిడ్డ దాన్ని నోట్లో పెట్టుకుని ఆలోచించింది. బుగ్గ కదిలింది. నర్సు వంగి చూసింది. నేను నీ పాపనే తలుచుకున్నాను వదినా, ఒట్టు, ఆ క్షణాన నా బిడ్డ కంటే ముందు నీ బిడ్డ గుర్తొచ్చింది.

గుటక వేసింది. చప్పుడు వినబడింది. నురగ రాలేదు, నీలం కాలేదు. మా ఆయన వెంటనే రెండో అట్ట తిప్పాడు, నియమం నియమమే కదా. "అతను ఊరందరి తాళాలూ తీసేవాడు" అన్నాడు. రెండో చుక్క. రెండో గుటక. మూడో తలుపు దగ్గర నిద్రపోయింది. నర్సు ఇవాళ్టికి ఇది చాలా ఎక్కువ అంది. నేను బయటికొచ్చి ఈ బెంచీ మీద కూర్చుని ఏడ్చి, నీకు రాస్తున్నాను.

ఇంటికి పంపడానికి ఇంకా కొన్నాళ్లు పడుతుందట. ఆ తరవాత కూడా ముద్దలు మొదలుపెట్టాక మెల్లగా, చిన్నచిన్నగా పెట్టాలట. గొంతులో ఆగుతుంటాయట, ఓపిక కావాలట. మా వదిన ఉంది అని చెప్పాను. అన్నయ్య కర్ర పారేశాక ఇద్దరూ వచ్చెయ్యండి. మెట్లు మా ఇంట్లోనూ ఉన్నాయి.

ఆఖరి అట్ట ఈ కవరులో పెట్టి తిప్పి పంపుతున్నాను. ముడి విప్పలేదు, వెలుతురుకి పట్టి కూడా చూడలేదు. ఇన్నాళ్లూ ముగింపు చెప్పమని నీ ప్రాణం తీశాను గానీ, ఇప్పుడు వద్దు వదినా. గల్లాపెట్టెలో పెట్టి తాళం వేసి దాచు. ఈ బిడ్డ ఇంకా బోలెడు తినాలి.

నీ
బుగ్గలు